ఏడవ నిజాం: ఐశ్వర్యం, పాలన, ప్రజలు

చరిత్రలో కొందరి పేరు వినగానే ప్రశంసయో, నిందయో తక్షణమే నోటికి వస్తుంది. హైదరాబాదు సంస్థానపు కడపటి ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ అట్టివారిలో ఒకరు. ఒక ఇంట ఆయనను విద్యాదాతగా తలచుకుంటారు. మరొక ఇంట వెట్టిచాకిరీ నాటి రాజుగా తలచుకుంటారు. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే చదువుకునే మన విద్యార్థులు ఈ రెండు కథలనూ కలిపి వినాలన్నదే మా ఉద్దేశం.

ఆయన 1886లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి మీర్ మహబూబ్ అలీఖాన్ మరణించగా 1911 ఆగస్టులో సింహాసనం అధిష్ఠించారు. ఆనాటి సంస్థానం సుమారు 82 వేల చదరపు మైళ్ల వైశాల్యం కలది. ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారు. తక్కినవారు మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషల వారు. ఆంగ్ల ప్రభుత్వం ఆయనకు 21 తుపాకుల వందనాన్ని, ఇతర సంస్థానాధీశులెవ్వరికీ లేని ప్రత్యేక బిరుదును ఇచ్చి గౌరవించింది.

ఆయన ఐశ్వర్యం జగద్విదితం. 1937 ఫిబ్రవరిలో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన చిత్రాన్ని ముఖపత్రంపై ముద్రించి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేర్కొన్నది. సుమారు 185 కేరట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంచేవారని ప్రతీతి. 1947లో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ వివాహానికి వజ్రాల హారం కానుకగా పంపారు. ఇంతటి ధనికుడు స్వయంగా మాత్రం పాత టోపీ, సాదా దుస్తులతో, చౌక సిగరెట్లతో కాలం గడిపి పిసినారి అన్న పేరు కూడా తెచ్చుకున్నారు.

ఈ సంపద ఎక్కడిది? తరతరాల నవాబుల ఖజానా కొంత. సర్ఫెఖాస్ అనబడే సొంత భూముల రాబడి కొంత. ఆ రాబడి సేద్యగాని చెమట నుండి వచ్చినదే.

ఆయన కాలంలో జరిగిన నిర్మాణాలు సామాన్యమైనవి కావు. 1908 నాటి మూసీ వరద చేసిన విధ్వంసం తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వెలసినవి. మంజీరపై నిజాం సాగర్ 1931లో పూర్తి అయినది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు నేటికీ నిలిచి ఉన్నవి. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి, యాదగిరిగుట్ట దేవాలయానికి కూడా ఆయన విరాళాలు అందినవి.

1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వీటన్నిటికీ తలమానికం. వైద్యం, ఇంజనీరింగు మొదలుకొని ఉన్నత శాస్త్రాలను ఇంగ్లీషులో కాక ఉర్దూలో బోధించుట ఆనాడు దేశంలో అపూర్వ ప్రయత్నం. అందుకై అనువాద శాఖ నెలకొల్పి వందలాది గ్రంథాలు సిద్ధం చేశారు. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించినది ఈ ప్రయత్నమే. అయితే ఆ భాష అధిక సంఖ్యాకుల భాష కాదు. తెలుగు బాలునికి తన ఇంటి మాటలో చదువు దుర్లభమైనది. 1921లో హైదరాబాదు సభ ఒకదానిలో తెలుగులో ప్రసంగించబోయిన వ్యక్తిని ఎగతాళి చేయగా, ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది.

పల్లెల్లో పరిస్థితి మరింత దారుణం. జాగీర్దార్లు, దేశ్‌ముఖులు వెట్టిచాకిరీతో ప్రజలను పీడించారు. 1946 జూలై 4న, నాడు మన నల్గొండ జిల్లాలో ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలి కాగా, సాయుధ పోరాటం రగిలి 1951 వరకు సాగింది. రజాకార్ల దౌర్జన్యాలు ఊళ్లకు ఊళ్లను వణికించినవి. వారిని అదుపు చేయలేకపోయిన పాలకునిగా ఆ భారం నిజాంపై కూడా పడక తప్పదు. ఆ తరువాతి సైనిక చర్య సమయంలో నిరపరాధులైన ముస్లిం కుటుంబాలు కూడా అపార దుఃఖం పొందినవి. ఈ రెండు దుఃఖాలలో దేనినీ మరువరాదు.

1948 సెప్టెంబరులో సంస్థానం భారత సైన్యానికి లొంగింది. 1949లో జాగీర్లు రద్దయి, సర్ఫెఖాస్ ప్రభుత్వంలో కలిసినది. ఆయన 1950 నుండి 1956 వరకు రాజప్రముఖులుగా వ్యవహరించి, 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు. అంతిమయాత్రకు మతభేదం లేక జనం తరలివచ్చారు.

ఆయన తదనంతరం ఆస్తి వివాదాల పాలయినది. 173 ఆభరణాలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. 1948లో లండను బ్యాంకుకు చేరిన సుమారు పది లక్షల పౌండ్లు వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయి, 2019లో గాని తీర్పు వెలువడలేదు.

వజ్రాలు పెట్టెల్లో మిగిలినవి, ధనం న్యాయస్థానాలకెక్కినది. విశ్వవిద్యాలయం, ఆసుపత్రి, చెరువులు మాత్రం ప్రజలవయినవి. ఇచ్చినదానికి కృతజ్ఞత, ఇవ్వనిదానికి ప్రశ్న, ఈ రెండూ విద్యావంతుని ధర్మమే. ఉర్దూ వచ్చిన విద్యార్థి తెలుగువాని బాధను, తెలుగు వచ్చిన విద్యార్థి ఉర్దూ సేవను గుర్తించిననాడే ఈ చరిత్ర చదివిన ఫలం దక్కుతుందని మేము విశ్వసిస్తున్నాము.