బృందంలోంచి వచ్చిన గొంతు



మా పెద్దపల్లి పల్లెల్లో ఎవరింట్ల చావు జరిగినా మైకులో మొదట వినవచ్చేది ఘంటసాల భగవద్గీతే. ఊరంతటికీ తెలిసిన ఆ గొంతు ఒకప్పుడు సినిమాల్లో పదిమంది నడుమ కోరస్ పాడిందన్న సంగతి మనలో చాలామందికి తెల్వదు.

ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. ఆయన పోయేనాటికి కొడుకు ఇంకా పసివాడే. సంగీతం నేర్వాలన్న పట్టుదలతో విజయనగరం చేరి, కడుపు నిండే దారిలేక జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి విద్య చెప్పారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకు కూడా పోయి వచ్చారు.

తర్వాత సముద్రాల రాఘవాచార్య గారి ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. 1944లో ప్రతిభా వారి 'సీతారామ జననం'లో దొరికింది ఒక చిన్న వేషం, కోరస్‌లో చోటు. కోరస్ అంటే తన గొంతు వేరుగా వినపడకుండ పాడుడే! అంత శాస్త్రం చదివిన మనిషికి అది ఎంత కష్టమో ఆలోచించండి. అయినా ఆయన పని చిన్నదని వెనుదిరగలేదు.

1945లో 'స్వర్గసీమ'లో భానుమతి గారితో కలిసి పాడారు. అప్పటిదాక ఎక్కువగా నటులే తమ పాటలు పాడుకునేవారు. మెల్లగా నేపథ్యగానం వచ్చింది. 1948లో అదే ప్రతిభా వారి 'బాలరాజు' తయారైంది. హీరో మళ్ళీ అక్కినేని నాగేశ్వరరావు గారే. నాలుగేండ్ల కింద ఆ హీరో సినిమాలో గుంపులో కలిసిపోయిన గొంతు, ఇప్పుడు ఆ హీరోకే గొంతయింది! 1949లో 'మనదేశం', 1951లో 'పాతాళభైరవి' ఆయనను సంగీత దర్శకుడిగా కూడా నిలబెట్టాయి. 1970లో పద్మశ్రీ వచ్చింది.

దీన్ని అదృష్టమని కొందరంటారు. వ్యవసాయం ఇంట్ల పుట్టినవాళ్ళం, మనకు తెలుసు. వాన మన చేతుల లేదు, నిజమే. కాని వాన పడేనాటికి దుక్కి దున్ని ఉండాలె కద! నేపథ్యగానం వానవంటిదైతే, విజయనగరం చదువు, కోరస్ రోజులు ఆయన దున్నిన దుక్కి.

1974 ఫిబ్రవరి 11న, 51 ఏండ్లకే ఆయన కన్నుమూశారు. భగవద్గీత రికార్డు విడుదల కండ్లారా చూసుకోలేదు. పండించినవాడు పోయినా పంట మాత్రం ఇంటింటికీ చేరింది.

మిత్రులారా, ఈనాడు మనం వెనక వరుసలో ఉన్నామని చిన్నబోవద్దు. అక్కడ నిలబడి ఏం నేరుస్తున్నామన్నదే ముఖ్యం.