విమానానికి గుండె పోసిన మెకానిక్ – చార్లీ టేలర్



తణుకు హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆకాశంలో విమానం మోత వినబడితే అన్నం పళ్ళెం చేతిలో ఉండగానే బయటికి పరుగెత్తేవాళ్ళం. పైలట్ గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే మనిషి మరొకరు ఉంటారని మాకు తెలియదు. పి.జి.కి వచ్చాక, ఆ వృత్తికి ఆద్యుడైన చార్లీ టేలర్ జీవితం చదివాం. అది మీకూ చెప్పాలనిపించింది.

చార్లెస్ ఎడ్వర్డ్ టేలర్ 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించారు. పన్నెండేళ్ళకే బడి మానేసి ఒక పత్రికాఫీసులో పనికి కుదిరారు. తర్వాత యంత్రాల పని నేర్చుకున్నారు. డేటన్ పట్టణంలో సైకిల్ షాపు నడుపుతున్న రైట్ సోదరుల వద్ద 1901లో గంటకు 30 సెంట్ల కూలికి చేరారు. వాళ్ళు ప్రయోగాలకు ఊరు వెళితే షాపు చూసుకోవడం ఆయన బాధ్యత.

విమానానికి తగిన తేలికైన ఇంజను ఏ కంపెనీ దగ్గరా దొరకలేదు. ఆ పని టేలర్ చేతికి వచ్చింది. సుమారు 45 కిలోల ఉక్కు దిమ్మ మీద గీత గీసి, ఆ గీత వెంబడి రంధ్రాలు తొలిచి, అదనపు ఉక్కును సుత్తి, ఉలితో కొట్టేసి, లేత్ మీద పట్టి తొమ్మిది కిలోలలోపు క్రాంక్ షాఫ్ట్ తీశారు. ఆరు వారాల్లో 12 హార్స్ పవర్ ఇంజను సిద్ధమైంది. 1903 డిసెంబరు 17న విమానం 12 సెకన్లు ఎగిరింది. ఆ సమయంలో ఆయన అక్కడ లేరు, డేటన్‌లో షాపులోనే ఉన్నారు.

ఆయనకు కూడా విమానం నడపాలని కోరిక ఉండేది. రైట్ సోదరులు ప్రోత్సహించలేదు. ఆయన మెకానిక్‌గానే వారికి కావాలి. 1911లో కాల్‌బ్రైత్ రాడ్జర్స్ అమెరికాను ఈ చివర నుండి ఆ చివరకు విమానంలో దాటినప్పుడు, టేలర్ మెకానిక్‌గా రైలులో వెంట వెళ్ళి, విమానం కూలినప్పుడు బాగుచేసి మళ్ళీ ఎగిరేలా చేశారు.

తర్వాత కాలిఫోర్నియాలో భూమి కొని డబ్బంతా పోగొట్టుకున్నారు. ఒక విమాన కర్మాగారంలో గంటకు 37 సెంట్లకు మామూలు కార్మికుడిగా చేరారు. తొలి విమాన ఇంజను చేసిన చేతులివేనని పక్కనున్నవారికి తెలియదు. వృద్ధాప్యంలో ఆసుపత్రి ధర్మవార్డులో ఉండగా విషయం బయటపడి, విమాన పరిశ్రమవారు చందాలు వేసుకుని ఆదుకున్నారు. 1956 జనవరి 30న 87 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఇప్పుడు అమెరికాలో 50 ఏళ్ళు సేవ చేసిన విమాన మెకానిక్‌లకు ఆయన పేరిట అవార్డు ఇస్తున్నారు.

ఆయన ఇంజను చేసిన రోజుల్లో ఈ పనికి లైసెన్సు అనేదే లేదు. చేతిలో విద్య ఉంది, చూపించడానికి కాగితం లేదు. నేడు మన దేశంలో డి.జి.సి.ఎ. లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం లేనిదే బాగుచేసిన విమానం పైకి లేవదు. ఇంటర్ ఎం.పి.సి. చదివినవారు మాడ్యూల్ పరీక్షలు రాసి, విమానాల మీద నిర్ణీత కాలం పనిచేసి ఈ లైసెన్సు పొందవచ్చు. ఇంజను, బాడీ పనికి ఒక విభాగం, ఎలక్ట్రానిక్ పరికరాలకు మరొక విభాగం ఉంటాయి. ఫీజులు మనలాంటివారికి భారమే. అందుకే చేరేముందు ఆ సంస్థకు డి.జి.సి.ఎ. అనుమతి ఉందో లేదో తప్పక చూసుకోండి. సంస్థ ఇచ్చే కోర్సు సర్టిఫికెట్ వేరు, లైసెన్సు వేరు.

మా ఇంట్లో డిగ్రీ కాగితం చూసిన మొదటివాళ్ళం మేమే. మా నాన్నల చేతుల్లో పని ఉంది గానీ కాగితం లేదు. తమ్ముళ్ళారా, మీరు రెండూ సంపాదించండి. ఈసారి మన తణుకు మీదుగా విమానం వెళితే పైలట్‌తో పాటు, కింద నిలబడి దాన్ని పంపిన మనిషిని కూడా తలచుకుందాం. ఆ మనిషి రేపు మన హాస్టల్ పిల్లవాడే కావాలని మా కోరిక.