అరువదేండ్లు దాటిన విద్యార్థి

గోదావరీ తీరమున మంథని యను ప్రాచీనమైన ఊరు కలదు. దీనికి మంత్రపురి యనియు పేరు. తరతరములుగా ఇది వేదపండితులకు నిలయము. అచ్చటి బాలురు గురువు నెదుట కూర్చుండి వేదమును వల్లించి నేర్చుకొనుచుండిరి. ఆ వల్లెవేతకు కఠినమైన పద్ధతులు గలవు. క్రమపాఠమున మొదటి పదమును రెండవ పదముతోను, రెండవ పదమును మూడవ పదముతోను జతపరచి, వరుస తప్పక చదువుచు పోవలెను. ఒక్క పదము తారుమారైనను గురువు ఊరకొనడు; మరల చెప్పించును.

ఈ మంథని ప్రజలు 1957వ సంవత్సరమున తమ ప్రతినిధిగా ముప్పదియైదేండ్ల యువకు నొకనిని శాసనసభకు పంపిరి. ఆయనయే పాములపర్తి వేంకట నరసింహారావు. ఆ తరువాత 1962, 1967, 1972 ఎన్నికలలో కూడ మంథని ఆయననే ఎన్నుకొనెను. నరసింహారావుగారు ముఖ్యమంత్రియై, ప్రధానమంత్రియై, దేశచరిత్రలో నిలిచిన సంగతి అందరును ఎరిగినదే. అరువదేండ్లు దాటిన పిమ్మట, కేంద్రమంత్రిగా నుండియు, ఆయన ఒంటరిగా కూర్చుండి కంప్యూటరు ప్రోగ్రామింగు నేర్చుకొనిన వృత్తాంతము మాత్రము అంతగా ప్రచారములో లేదు.

నరసింహారావుగారు 1921వ సంవత్సరము జూన్ 28వ తేదీన వరంగల్లు ప్రాంతమందలి లక్నేపల్లి గ్రామమున జన్మించిరి. పసితనముననే కరీంనగరు జిల్లా వంగర గ్రామమునకు దత్తుగా వచ్చిరి. వంగర నేడు హనుమకొండ జిల్లాలో చేరియున్నది. అది నిజాము పాలనాకాలము. ఇంట పలుకునది తెలుగు; పాఠశాలయందు చదువునది ఉర్దూ. పల్లెలో చదువు కొంతవరకే యుండుటచే ఆ బాలుడు ఇల్లు విడిచి పరస్థలములలో నుండి చదువుకొనవలసి వచ్చెను. 1938వ సంవత్సరమున ప్రభుత్వపు టాజ్ఞను ధిక్కరించి వందేమాతర గీతమును పాడిన విద్యార్థులను కళాశాలలనుండి తొలగించిరి. వారిలో నరసింహారావుగారు నొకరు. హైదరాబాదు రాజ్యమున ద్వారములు మూసికొనిపోగా ఆ విద్యార్థులకు నాగపురము విశ్వవిద్యాలయము చోటిచ్చెను. నరసింహారావుగారు నాగపురమునను, పూనాయందును చదివి న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. పరప్రాంతవాసము వలన మరాఠీ భాషయు వారికి స్వాధీనమయ్యెను.

భాషలు నేర్చుట వారికి వ్యసనమువంటిది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, సంస్కృతము, ఆంగ్లము మొదలుకొని స్పానిష్ వరకు పదికి పైగా భాషలు వారికి వచ్చును. తెలిసినంతతో తృప్తిపడక ఆ భాషలతో పని చేయించిరి. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు నవలను సహస్రఫణ్ అను పేర హిందీలోనికి, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను అబలాజీవితము అను పేర తెలుగులోనికి అనువదించిరి. మంత్రిపదవిలో నున్నవారికి ఇట్టి పనులకు తీరిక ఎక్కడిదని అడుగవచ్చును. వారికి నిద్ర తక్కువ, ఓపిక ఎక్కువ.

రాజకీయములందు వారి దారి పూలబాట కాదు. 1952లో కరీంనగరునుండి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయిరి. మంథని చేయూతనిచ్చిన పిదప రాష్ట్రమున పలు శాఖలకు మంత్రిగా నుండిరి. విద్యామంత్రిగా నున్నకాలమున, 1968లో, ఉన్నతవిద్యకు కావలసిన గ్రంథములను తెలుగులో సిద్ధపరచుటకై తెలుగు అకాడమీ ఏర్పడెను. దానికి ప్రథమాధ్యక్షులు వారే. 1971లో ముఖ్యమంత్రి అయిరి. ఆ సంవత్సరముననే నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున బీదపిల్లలలో ప్రతిభగలవారికై గురుకుల పాఠశాలను నెలకొల్పిరి. భూసంస్కరణలకు పూనుకొనుటచే బలవంతుల ఆగ్రహమునకు గురియైరి. అంతలో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగెను. 1973 జనవరిలో పదవి పోయెను. 1977లో వారు లోక్‌సభకు ఎన్నికై ఢిల్లీకి తరలిరి.

1984వ సంవత్సరము చివర రాజీవ్‌గాంధీ ప్రధానమంత్రి యయ్యెను. నాలుగు పదుల వయసు, విమానములు నడిపినవాడు, నూతన యంత్రములన్న మక్కువ గలవాడు. నాడు మనదేశమున కంప్యూటరు అపురూపమైన వస్తువు. విదేశములనుండి తెప్పించుకొనుటకు సుంకములు అధికము. అది వచ్చినచో గుమాస్తాల నోటికూడు పోవునని ఉద్యోగసంఘములవారు భయపడుచుండిరి. ఆ భయము పూర్తిగా నిరాధారమని కొట్టివేయుటకును వీలులేదు. క్రొత్త ప్రభుత్వము సుంకములు తగ్గించి కంప్యూటర్లను విరివిగా రప్పింప సంకల్పించెను.

ఒకనాడు రాజీవ్‌గాంధీ తన మిత్రునితో ఈ విషయమే మాటలాడుచు, పార్టీలోని వృద్ధనాయకులకు ఇట్టివి బోధపడవని చులకనగా పలికెనట. నరసింహారావుగారు దాపుననే యుండి ఆ మాటలు వినిరని వారి జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆ మాట వారిని తాకవలసిన చోటనే తాకెను. ఆయన కోపగించుకొనలేదు; వాదింపలేదు. ఆ సాయంకాలమే హైదరాబాదులోని తన కుమారుడు ప్రభాకరరావునకు ఫోను చేసిరి. ఆ కుమారుడు ఎలెక్ట్రానిక్ పరికరములను తయారుచేయు సంస్థను నడుపుచుండెను. తనకొక కంప్యూటరు పంపవలసినదని తండ్రి కోరిరి.

యంత్రము ఢిల్లీ చేరెను. నేర్పుటకు ఒక ఉపాధ్యాయుడును వచ్చెను. ఆ ఉపాధ్యాయుని బోధన నరసింహారావుగారికి రుచింపలేదు. ఆయనను పంపివేసి, యంత్రముతో వచ్చు మార్గదర్శక గ్రంథములను మాత్రము తెప్పించుకొనిరి. బల్లపై గ్రంథము, ఎదుట యంత్రము, మధ్య ఒక వృద్ధ విద్యార్థి. ఫైళ్ళు, సందర్శకులు, సభలు వీనినడుమ ప్రతిదినము కొంతకాలము అభ్యాసమునకై కేటాయించుకొనిరి.

ఆ అభ్యాసము ఎట్టిదో కొంచెము తెలిసికొనవలెను. నాటి కంప్యూటర్లలో నేటి చేతిఫోనునకున్న జ్ఞాపకశక్తిలో వేయవ వంతైనను లేదు. తెరపై రంగురంగుల బొమ్మలు లేవు, వ్రేలితో తాకి తెరచు తలుపులు లేవు. నల్లని తెరపై అక్షరములు మాత్రమే మెరయును. ఏ పని కావలసినను ఆజ్ఞను అక్షరాక్షరమును టైపుచేయవలెను. అట్టి ఆజ్ఞలను వరుసగా కూర్చినదే ప్రోగ్రాము.

కాని ఆజ్ఞలు వ్రాయుటకు ముందు చేయవలసిన పని మరొకటి యున్నది. అది విశ్లేషణము. మంథని అంగడికి ఒక రైతు వడ్లు తెచ్చెననుకొందము. వ్యాపారి చూచీచూడగానే ఎంత సొమ్ము ఈయవలెనో చెప్పును. కంప్యూటరునకు అట్టి లోకజ్ఞానము లేదు. మొదట రైతు పేరు అడుగుము, బస్తాలెన్నియో అడుగుము, ఒక్కొక్కదాని తూకమును కూడుము, గోనెసంచి బరువును తీసివేయుము, క్వింటాలు ధరచే గుణింపుము, బస్తాలు ఇంకను మిగిలియున్నచో మరల తూకమునకే పొమ్ము. ఇట్లు పెద్దపనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఏ మెట్టు ముందో ఏది వెనుకో నిర్ణయించి, ఏ సందర్భమున ఏమి చేయవలెనో ముందే ఊహింపవలెను. సంచి బరువును తీసివేయుట మరచినచో యంత్రము మనకు గుర్తుచేయదు. తప్పులెక్కనే మహావేగముతో కట్టి చూపును.

నరసింహారావుగారు రెండు కంప్యూటరు భాషలను నేర్చుకొనిరి. ఒకటి బేసిక్. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల ఆచార్యులు, శాస్త్రము చదువని విద్యార్థులకు సైతము సులభముగా నుండునట్లు దీనిని కల్పించిరి. రెండవది కోబాల్. ఇది అంతకు ముందే, 1960 ప్రాంతమున, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయములు మున్నగువాని లెక్కలకై రూపొందినది. ఇందలి ఆజ్ఞలు ఆంగ్ల వాక్యములవలె నుండును. వాక్యము చివర చుక్క పెట్టుట మరచినను యంత్రము తప్పుపట్టును. మంథని గురువులకు ఈ యంత్రమును చూపియుండినచో పరాయిదానివలె చూచియుండరేమో! ఈ రెంటితో నాగక యూనిక్స్ అను వ్యవస్థపై ప్రోగ్రాములు వ్రాయుటయు వారు అలవరచుకొనిరి. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలయందు పుట్టిన యూనిక్స్ నిపుణులు వాడునదే గాని, ఇంటివద్ద వినోదమునకై నేర్చునది కాదు.

సుమారు ఆరు మాసములు గడచెను. తండ్రి నేర్చిన దెంతయో తెలిసికొని కుమారుడు ఆశ్చర్యపడెను. ఉత్తరములు టైపుచేసికొనిన చాలునని ఇతరులు తలచియుందురు. ఆయన మాత్రము యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో తెలియనిదే విడువలేదు. వ్యాకరణము చదువక భాష వచ్చినదనుకొను స్వభావము వారిది కాదు గదా!

1985 సెప్టెంబరులో నరసింహారావుగారు కేంద్రమున మానవవనరుల అభివృద్ధి మంత్రి అయిరి. దేశవిద్యాభారము వారిపై పడెను. అప్పటికే 250 పాఠశాలలలో కంప్యూటరు పరిచయము కలిగించు ప్రయత్నము మొదలై యుండెను. 1986లో నూతన జాతీయ విద్యావిధానము వెలువడెను. సర్వేలు గురుకులము అనుభవముతో దేశమంతట నవోదయ విద్యాలయములు వెలసెను. పార్లమెంటు చేసిన శాసనము ననుసరించి 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. దానికి ప్రథమోపాధ్యక్షులైన ఆచార్య జి. రామిరెడ్డిగారును కరీంనగరు జిల్లావారే. దేశమున మొదటిదగు సార్వత్రిక విశ్వవిద్యాలయమును 1982లో హైదరాబాదున నడిపించిన అనుభవము వారిది. ఉద్యోగము చేయువారు, దూరపు పల్లెలవారు, నడివయసు గృహిణులు కళాశాల గడప త్రొక్కకయే ముద్రిత పాఠములను తపాలాలో పొంది చదువుకొనుటకు ఈ సంస్థ దారి చూపెను. 1987లో పాఠములు ప్రారంభమైనవి. కాలక్రమమున కంప్యూటరు ప్రోగ్రామింగు, విశ్లేషణములును అందు చేరినవి. గ్రంథమును ముందుంచుకొని తానే నేర్చుకొనిన మంత్రి కాలముననే ఈ విద్య వేరూనుట గమనింపదగినది.

1990లో వారికి గుండెకు శస్త్రచికిత్స జరిగెను. 1991 ఎన్నికలలో పోటీచేయక విశ్రాంతి గైకొన నిశ్చయించిరి. రాజీవ్‌గాంధీ హత్యకు గురియగుటచే అంతయు తలక్రిందులయ్యెను. ఆ జూన్ 21వ తేదీన నరసింహారావుగారు ప్రధానమంత్రి అయిరి. దక్షిణదేశమునుండి ఆ పదవి నందిన మొదటివారు వారే. విదేశద్రవ్యము అడుగంటిన దినములలో మన్‌మోహన్‌సింగును ఆర్థికమంత్రిగా నియమించి ఆర్థికవ్యవస్థకు దారులు తెరచిరి. 1992లో అయోధ్యయందలి మసీదు కూల్చివేతను నివారింపజాలరైరి. ఆ నింద వారిని తుదివరకు వెంటాడెను. వారి పాలనలోనే, 1995 ఆగస్టు 15వ తేదీన, విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ సామాన్యజనులకు ఇంటర్నెట్టును అందించుట ప్రారంభించెను. తొలుత అది కొలది మహానగరములకే పరిమితము.

1996లో అధికారము పోయెను. మిత్రులు పలుచబడిరి, న్యాయస్థానములలో వ్యాజ్యములు మిగిలెను. వానినుండి బయటపడుటకు కొన్ని యేండ్లు పట్టెను. ఆ ఒంటరితనమున కంప్యూటరు వారికి తోడయ్యెను. తమ వ్రాతలను తామే టైపుచేసికొను అలవాటు వారికి చివరివరకు నుండెను. 1998లో వారి ఆంగ్లనవల ది ఇన్‌సైడర్ వెలువడెను. పల్లెనుండి రాజకీయములలో ప్రవేశించిన ఒక యువకుని కథ అది. తెలంగాణమునెరిగిన పాఠకులకు అందు తెలిసిన ముఖములు చాల కనిపించినవి. 2004వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన నరసింహారావుగారు ఢిల్లీలో తనువు చాలించిరి. అంత్యక్రియలు హైదరాబాదున జరిగెను. 2024లో భారత ప్రభుత్వము వారికి మరణానంతరము భారతరత్న బిరుదము నిచ్చి గౌరవించెను.

మంథని 2016 నుండి పెద్దపల్లి జిల్లాలో చేరియున్నది. ఆ ప్రాంతమున 2010లో వెలసిన ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు శాస్త్రము బోధింపబడుచున్నది. కళాశాలకు పోలేనివారు ఇంటనే కూర్చుండి ఇంటర్నెట్టు ద్వారా విశ్వవిద్యాలయ పాఠములు వినుచు ప్రోగ్రాములు వ్రాసి పంపుచున్నారు. తపాలా బంట్రోతుకై వారు ఎదురు చూడ నక్కరలేదు. వరుస తప్పినప్పుడు మాత్రము, ఆనాటి వృద్ధ విద్యార్థివలెనే, తప్పెక్కడనో వెదకి మరల వ్రాయవలసినదే.