మోడెస్ట్ ముసోర్గ్‌స్కీ

మోడెస్ట్ పెట్రోవిచ్ ముసోర్గ్‌స్కీ (మార్చి 21, 1839 - మార్చి 28, 1881) ప్రసిద్ధ రష్యన్ స్వరకర్త. మంత్రగత్తెలు, మరుగుజ్జు భూతాలు, సమాధులు, మృత్యువు వంటి భయానక విషయాలకు సంగీతరూపం ఇచ్చినవారిలో ఈయన అగ్రగణ్యుడు. బోడికొండ మీద రాత్రి, ప్రదర్శనలో చిత్రాలు, బోరిస్ గొదునోవ్ ఈయన ముఖ్య రచనలు. జీవించియున్న కాలంలో ఈయన సంగీతాన్ని మోటుదని, శాస్త్రవిరుద్ధమని పలువురు తిరస్కరించారు. మరణానంతరం ఇతరులు సరిదిద్దిన రూపాలలోనే అది లోకానికి తెలిసింది. 1970లలో ప్రోగ్రెసివ్ రాక్ సంగీత బృందాలు ఈ రచనలను స్వీకరించడంతో కొత్త తరం శ్రోతలకు ఈయన పరిచయమయ్యాడు.

బాల్యము, విద్య

ముసోర్గ్‌స్కీ రష్యాలోని ప్స్కోవ్ రాష్ట్రానికి చెందిన కరెవో గ్రామంలో ఒక భూస్వామ్య కుటుంబంలో జన్మించాడు. ఆరవ ఏట తల్లి వద్ద పియానో నేర్చుకోవడం ప్రారంభించాడు. పదేళ్ళ వయసులో చదువు నిమిత్తం సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరానికి వెళ్ళి, అక్కడ అంటోన్ గెర్కె వద్ద పియానో శిక్షణ పొందాడు. వంశాచారాన్ని అనుసరించి 1852లో సైనిక పాఠశాలలో చేరాడు. అదే సంవత్సరం ఈయన స్వరపరచిన చిన్న పియానో రచన అచ్చయింది.

ఉద్యోగము, మిత్రబృందము

1856లో ప్రెయొబ్రజెన్‌స్కీ దళంలో అధికారిగా చేరాడు. ఆ సంవత్సరమే ఒక సైనిక ఆసుపత్రిలో రసాయన శాస్త్రవేత్త, స్వరకర్త అయిన బొరోదిన్‌తో పరిచయం కలిగింది. తరువాత బలకిరెవ్, కూయి, రిమ్‌స్కీ-కోర్సకోవ్‌లతో స్నేహం కుదిరింది. ఈ ఐదుగురిని రష్యన్ సంగీత చరిత్రలో పంచకము అని వ్యవహరిస్తారు. జర్మన్, ఇటాలియన్ బాణీలను అనుకరించక, తమ దేశపు జానపద గీతాలు, చర్చి గానము, పల్లె ప్రజల మాటతీరు ఆధారంగా సంగీతాన్ని నిర్మించాలన్నది వీరి ఆశయం.

సంగీతానికే అంకితం కాదలచి 1858లో ముసోర్గ్‌స్కీ సైన్యానికి రాజీనామా చేశాడు. అయితే 1861లో రష్యాలో రైతుల అర్ధబానిసత్వం రద్దు కావడంతో కుటుంబ ఆదాయం పడిపోయింది. అందువలన 1863 నుండి ప్రభుత్వ కార్యాలయాలలో చిన్న గుమాస్తా ఉద్యోగం చేయవలసి వచ్చింది. 1865లో తల్లి మరణించిన తరువాత మద్యపానానికి అలవాటు పడ్డాడు. ఆ వ్యసనం ఈయనను చివరి వరకు విడువలేదు.

బోడికొండ మీద రాత్రి

తూర్పు ఐరోపా జానపదుల నమ్మకం ప్రకారం, జూన్ నెలలో సెయింట్ జాన్ పండుగ ముందటి రాత్రి మంత్రగత్తెలందరూ చెట్లు లేని ఒక కొండపై గుమికూడి సైతానును కొలుస్తారు. ఈ కథను ముసోర్గ్‌స్కీ 1867లో సుమారు 12 రోజులలో వాద్యబృంద రచనగా మలచాడు. దానిని సరిగ్గా ఆ పండుగ ముందటి రాత్రే, అనగా రష్యా పాత పంచాంగం ప్రకారం జూన్ 23న పూర్తి చేశాడు. మంత్రగత్తెల ముచ్చట్లు, సైతాను ఊరేగింపు, అతని స్తుతి, చివరకు ఉన్మత్త నృత్యము ఇందులోని నాలుగు ఘట్టాలు.

గురుతుల్యుడైన బలకిరెవ్ ఈ రచనను మెచ్చలేదు. మార్పులు చేయనిదే ప్రదర్శించనన్నాడు. ముసోర్గ్‌స్కీ మార్చడానికి అంగీకరించలేదు. ఫలితంగా ఈయన జీవితకాలంలో ఈ సంగీతం ఒక్కసారైనా వాద్యబృందంచే వాయించబడలేదు. 1886లో రిమ్‌స్కీ-కోర్సకోవ్ దీనిని తన పద్ధతిలో తిరగవ్రాసి ప్రదర్శింపజేశాడు. ఆ రూపంలో చర్చి గంట మ్రోగి, తెల్లవారి, దయ్యాలు తొలగిపోతాయి. 1867 నాటి మూలంలో ఈ ప్రశాంతమైన ముగింపు లేదు. మూలరచన 1968లో గాని అచ్చు కాలేదు.

బోరిస్ గొదునోవ్

పుష్కిన్ నాటకం ఆధారంగా ఈయన 1869లో బోరిస్ గొదునోవ్ అను సంగీత నాటకాన్ని పూర్తి చేశాడు. బాలుడైన రాజకుమారుని చంపించి సింహాసనమెక్కినట్లు నిందపడిన రాజు ఇందులో కథానాయకుడు. గడియారం కదలికల నడుమ ఆ బాలుని ప్రేతం కనిపించినట్లు భ్రమించి రాజు వణికిపోయే ఘట్టం ప్రసిద్ధమైనది. ప్రధాన స్త్రీపాత్ర లేదన్న కారణంతో ప్రభుత్వ నాటకశాలల సంఘం 1871లో దీనిని తిరస్కరించింది. మార్పులు చేసిన తరువాత 1874లో మరీన్‌స్కీ నాటకశాలలో ప్రదర్శించబడింది.

ప్రదర్శనలో చిత్రాలు

1873లో ఈయన స్నేహితుడు, చిత్రకారుడు, వాస్తుశిల్పి అయిన విక్టర్ హార్ట్‌మన్ చిన్న వయసులోనే మరణించాడు. మరుసటి సంవత్సరం అతని చిత్రాలతో ఒక ప్రదర్శన జరిగింది. ఆ జ్ఞాపకంతో ముసోర్గ్‌స్కీ 1874 జూన్‌లో దాదాపు మూడు వారాలలో ఈ పియానో రచన చేశాడు. ఇందులో పది చిత్రాలున్నవి. ఒక చిత్రం నుండి మరొక చిత్రం వద్దకు నడిచే సందర్శకుని అడుగులను సూచించే స్వరం నడుమ నడుమ వినిపిస్తుంది. ఈ నడకలో ఐదు, ఆరు అక్షరాల లెక్కలు మారిమారి వస్తాయి. ఖండగతి ఎరిగిన మన శ్రోతలకు ఐదు అక్షరాల నడక వింత కాకపోయినా, నాటి ఐరోపా సంగీతంలో ఇది అరుదు.

మొదటి చిత్రం వంకరకాళ్ళ మరుగుజ్జు భూతం. స్వరాలు ఉన్నట్టుండి ఉరికి, అంతలోనే ఆగిపోతాయి. మరొక చిత్రంలో ప్యారిస్ నగరపు నేలమాళిగ సమాధులు దర్శనమిస్తాయి. తొమ్మిదవ చిత్రం కోడికాళ్ళపై నిలిచిన గుడిసెలో నివసించే బాబా యగా అనే ముసలి మంత్రగత్తెకు సంబంధించినది. చివరిది కీవ్ నగర మహాద్వారం. ఈ రచన కూడా 1886 వరకు అచ్చు కాలేదు. ఫ్రెంచి స్వరకర్త రవెల్ 1922లో చేసిన వాద్యబృంద రూపం వలన ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

చివరి రోజులు

1875 - 1877 మధ్య కాలంలో మృత్యు గీతాలు, నృత్యాలు అనే నాలుగు పాటలను స్వరపరచాడు. వీటిలో మృత్యువు ఒకచోట జబ్బుపడిన బిడ్డకు జోల పాడుతుంది, మరొకచోట మంచులో దారి తప్పిన తాగుబోతు రైతుతో నృత్యం చేస్తుంది. 1880లో ఈయన ఉద్యోగం పోయింది. 1881 ఫిబ్రవరిలో మూర్ఛలు రాగా, మిత్రులు సైనిక ఆసుపత్రిలో చేర్పించారు. అక్కడ చిత్రకారుడు రేపిన్ నాలుగు రోజులలో ఈయన ముఖచిత్రాన్ని గీశాడు. చెదిరిన జుట్టు, ఎర్రబారిన ముక్కుతో ఉన్న ఆ చిత్రం మాస్కోలోని త్రెత్యకోవ్ చిత్రశాలలో ఉన్నది. 42 ఏళ్ళు నిండిన వారానికే ముసోర్గ్‌స్కీ మరణించాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని తిఖ్విన్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉన్నది. ఖొవాన్‌షినా అనే సంగీత నాటకం అసంపూర్తిగా మిగిలిపోయింది.

ప్రోగ్రెసివ్ రాక్‌లో స్థానము

1960ల చివర ఇంగ్లండులో రూపొందిన ప్రోగ్రెసివ్ రాక్ శైలిలో పాటలు సుదీర్ఘంగా, అనేక భాగాలుగా ఉంటాయి. తాళగతులు తరచు మారుతాయి. ఎలక్ట్రానిక్ వాద్యాలకు ప్రాధాన్యం ఎక్కువ. మారే గతులు, విడివిడి చిత్రాలు, భయానక రసము గల ముసోర్గ్‌స్కీ రచనలు ఈ శైలికి చక్కగా అమరినవి. కీత్ ఎమర్సన్, గ్రెగ్ లేక్, కార్ల్ పామర్ అనే ముగ్గురి బృందం ప్రదర్శనలో చిత్రాలను 1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో వాయించింది. 1971 మార్చిలో న్యూకాజిల్ నగర సభాభవనంలో వాయించిన రూపం అదే సంవత్సరం ఆల్బమ్‌గా వెలువడింది. పది చిత్రాలలో నాలుగింటిని స్వీకరించి, బాబా యగా భాగాన్ని సొంత కల్పనతో విస్తరించారు. 1975లో అమెరికాకు చెందిన ఫైర్‌బాలే బృందం బోడికొండ మీద రాత్రి పేరుతోనే ఆల్బమ్ విడుదల చేసింది. అదే సంవత్సరం జపాన్ దేశీయుడు ఇసావో తొమితా ప్రదర్శనలో చిత్రాలను సింథసైజర్‌పై వినిపించాడు.

పాశ్చాత్య దేశాలలో అక్టోబరు 31న జరిగే హాలోవీన్ నాడు, తిరుపతి గంగమ్మ జాతరలో వలె, జనం రకరకాల వేషాలు కడతారు. జాతర వేషాలు మొక్కుబడికి సంబంధించినవి కాగా, హాలోవీన్ వేషాలు దయ్యాల తలపుతో ముడిపడినవి. ఆ రోజులలో జరిగే సంగీత కచేరీలలో బోడికొండ మీద రాత్రి తరచు వినిపిస్తుంది. వాల్ట్ డిస్నీ చిత్రం ఫాంటాసియా (1940) కూడా ఈ ప్రాచుర్యానికి తోడ్పడింది. బలకిరెవ్ దిద్దమన్న ఆ మోటుదనమే తరువాతి వారిని ఆకర్షించింది. మూలరచన అచ్చయిన తరువాత, ముసోర్గ్‌స్కీ వ్రాసినది వ్రాసినట్లుగా వినే అవకాశం శ్రోతలకు కలిగింది.