యల్లాప్రగడ సుబ్బారావుగారు – మట్టిలోని మందు

బీచుపల్లి చెంత కృష్ణానది కిరుప్రక్కల నున్న వరిమళ్లను మా విద్యార్థులలో ననేకులు పుట్టినది మొదలు చూచుచున్నవారే. మడిలో నీరు నిలిచియున్నంతకాలము బురదలోనికి గాలి చొరదు. అప్పుడచ్చట గాలి లేకయే బ్రదుకు సూక్ష్మజీవులదే రాజ్యము. బురదను త్రొక్కినప్పుడు పైకి వచ్చు బుడగలలోని మీథేను వాయువు వాని సృష్టియే. నీటిమీది నీలాకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని గ్రహించి పైరున కందిచ్చును. కోతలై మడి యెండి నెఱ్ఱెలు విచ్చినపుడు గాలి గోరు వేరొక తెగ విజృంభించును. నూలుపోగులవలె నల్లుకొను ఈ బాక్టీరియాలకు స్ట్రెప్టోమైసీసులని పేరు. తొలకరి చినుకు పడగనే లేచు కమ్మని మట్టివాసనలో పెద్దపాలు వీనిదే. ఈ తెగనుండి మానవులకు మందు వెదకించిన యొక తెలుగువాని చరిత్రమును చదువరులకు విన్నవింప నెంచితిమి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. అదియు వరిపొలముల నడిమి యూరే. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి; తల్లి వెంకమ్మగారు. మెట్రిక్యులేషను పరీక్షలో నీయన రెండుమారులు తప్పి మూడవమారు చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. ఈ వాక్యమును మాత్రము మరువక జ్ఞాపకముంచుకొను విద్యార్థులు కొందఱుందురని మేమెఱుగుదుము. పిదప మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించుటచే ఆంగ్లేయాచార్యున కాగ్రహపాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తినొందవలసివచ్చెను.

ఆయన సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే మరణించిరి. కన్నులయెదుట తోబుట్టువులు క్షీణించుచుండ వైద్యము చదివియు నేమియు చేయజాలకపోవుట యెట్టిదో మేము వర్ణింపనక్కరలేదు. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించి, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము జేరిరి. భార్య శేషగిరిగారిని స్వదేశముననే విడిచిపోయిరి. తిరిగివత్తునన్న తలంపుతో పోయినవారే గాని యాయన మఱల రాలేదు.

బోస్టనులో తొలిదినములు కష్టములు. ఆసుపత్రిలో రాత్రివేళ నీచమని యెంచబడు పనులు చేసి పొట్టపోసికొనిరి. హార్వర్డులో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో గూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరముల శక్తికి మూలమగు ఎ.టి.పి. అను పదార్థమును 1929లో వెలికిదీసిరి; అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని కనుగొనెను. ఇంత చేసినను హార్వర్డులో నాయనకు స్థిరమైన యుద్యోగము దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రపు పెర్ల్ రివర్ లోని లెడర్లీ ఔషధశాలకు బోయి, కొలది కాలమునకే యచ్చటి పరిశోధనల కధిపతి యైరి.

సోదరులను గొనిపోయిన వ్యాధిని ఆయన మరువలేదు. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము 1945 నాటికి కృత్రిమముగా తయారయ్యెను. ఒకానొక బాక్టీరియా ఈ పదార్థము లేనిదే పెరుగదు. దాని పెరుగుదలనే త్రాసుగా జేసికొని యెందెంత ఫోలిక్ ఆమ్లము కలదో కొలిచెడివారు. ఉష్ణదేశముల స్ప్రూ రోగులకు దానినిచ్చి చూడగా పెక్కురు కోలుకొనిరి. సోదరులు గతించిన యిరువదియేండ్లకు పైబడి ఆ మందు వచ్చినది.

ఇక మట్టి సంగతి. పెన్సిలినుకు లొంగని రోగములు పెక్కులుండెను, టైఫసు జ్వరమట్టిది. 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలయందు మట్టిలోని స్ట్రెప్టోమైసీసునుండి స్ట్రెప్టోమైసిను లభింపగా ఎల్లరి చూపును మన్నుపై బడెను. లెడర్లీలో నీ పని డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డుగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుని కప్పగింపబడెను. ఆయన పలుచోట్లనుండి మట్టి తెప్పించెను. చిటికెడు మట్టిని నీట గలిపి, పలుచన చేసి, ఆహారము గలిపిన జిగురు పలకపై పోయుదురు. కొన్నిదినములకు పలకపై చుక్కలు చుక్కలుగా సూక్ష్మజీవుల గుంపులు లేచును. వానిని వేఱుచేసి, రోగకారకములగు బాక్టీరియాల ప్రక్కన పెంచుదురు. ఏ గుంపుచుట్టు రోగబీజములు పెరుగక నిర్మలమైన వలయ మేర్పడునో దాని నేరి పరీక్షింతురు. వేలకొలది చుక్కలలో పనికివచ్చునవి యొకటి రెండు. చేలో కలుపు దీయువారి యోర్పే దీనికిని కావలయును.

1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బోర్న్ క్షేత్రమునుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె గల గుంపొకటి కనబడెను. ఆ భూమి వరిమడి కాదు. తిమోతి యను పశువుల గడ్డిని 1888 నుండి యెరువు వేయక పెంచుచున్న చిన్న తునక. ఆ జీవికి స్ట్రెప్టోమైసీస్ ఆరియోఫేసియెన్స్ అనియు, దాని మందునకు ఆరియోమైసిన్ అనియు పేర్లిడిరి. లాటిను భాషలో ఆరమ్ అనగా బంగారము. నోట మ్రింగదగిన ఈ మందు టెట్రాసైక్లినుల కుటుంబమునకు మొదటిది. దీనిని గనినవాడు డుగ్గర్, సుబ్బారావుగారు పరిశోధనాధిపతులు. మన దేశమున దీనిని కేవలము సుబ్బారావుగారిదిగా చెప్పుట పరిపాటియైనను, ఉన్నదున్నట్లు వ్రాయుటయే ఆయనకు గౌరవమని మా యభిప్రాయము. తన పేరు ముందునకు దెచ్చికొను స్వభావము ఆయనకు లేదు.

1948 జూలైలో ఆరియోమైసిన్ లోకమునకు ప్రకటింపబడెను. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె యాగి మరణించిరి. అప్పటికి వయస్సు ఏబదిమూడు. శేషగిరిగారు ఇరువదియాఱేండ్లుగా నెదురుచూచుచునే యుండిరి.

బోదకాలు నివారణకై యూరూర పంచు డి.ఇ.సి. మాత్రయు 1947లో ఆయన ప్రయోగశాలయందు పుట్టినదే. పొదలలోని సన్నని పురుగులు కుట్టుటచే పొలములలో దిరుగువారికి వచ్చు స్క్రబ్ టైఫసు జ్వరమునకు నేటి వైద్యులు ముందుగా నిచ్చు డాక్సీసైక్లిన్ సైతము ఆరియోమైసిన్ వంశములోనిదే. 1953లో హెసెల్టీన్ అను శాస్త్రజ్ఞుడు తాను వర్ణించిన క్రొత్త శిలీంధ్రజాతికి సుబ్బారోమైసీస్ అని పేరిడెను.