కనబడని వెలుగు: జగదీశ చంద్ర బోసు

జనగామలోగాని, మహబూబాబాదులోగాని, భూపాలపల్లిలోగాని నేడు పెక్కు ఇండ్లలో రౌటరను చిన్న పెట్టె కానవచ్చుచున్నది. తీగవెంట వచ్చిన సమాచారమును అది తరంగములుగా మార్చి గదులలోనికి పంపును. పెట్టె చూపునకు బాగుండలేదని కొందరు దానిని ఇనుప బీరువా వెనుక దాచుదురు. పిదప వెనుకగదిలో ఫోను పనిచేయకున్న పెట్టెనే నిందింతురు. ఆపి మరల పెట్టినచో కొన్ని లోపములు తీరును గాని, బీరువా చాటున నున్నంతకాలము ఎన్నిమారు లాపినను ఫలముండదు. ఇట్టి తరంగములు వేనిని దాటిపోవునో, వేనికి తగిలి మరలునో నూటముప్పది యేండ్లకు పూర్వమే కలకత్తాలో పరీక్షించి చూచిన మహనీయుడు జగదీశ చంద్ర బోసు.

ఆయన 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన తూర్పు బెంగాలులో జన్మించెను. తండ్రి భగవాన్ చంద్ర బోసు సర్కారు ఉద్యోగియయ్యును కుమారుని ఇంగ్లీషు బడికి పంపక, మాతృభాషలో బోధించు బడికి పంపెను. అచ్చట బెస్తవారి బాలుడు ఆయన ప్రక్కన కూర్చుండెడివాడు. పెద్దవాడై లండనులో వైద్యవిద్య నారంభించి, అనారోగ్యముచే దానిని విడిచి, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రముల నభ్యసించెను.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడయ్యెను. ఆ కాలమున ఆంగ్లేయున కిచ్చు జీతము భారతీయున కిచ్చెడివారు కారు. బోసు ఆ తక్కువ జీతమును ముట్టలేదు. పాఠము చెప్పుట మానలేదు. తండ్రి అప్పులలో మునిగియున్న దినములవి. మూడు సంవత్సరము లట్లే గడచెను. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి, వెనుకటి బాకీతో సహా పూర్తి జీతమును చెల్లించెను.

పరిశోధనకు తగిన శాల లేదు. చిన్న గదిలో, ఊరిలోని రేకుపనివానిచే పరికరములు చేయించుకొని, 1894లో ఆయన పని నారంభించెను. జర్మనీలో హెర్ట్జు పుట్టించిన తరంగములు పొడవైనవి. వాని పరీక్షకు పెద్ద పరికరములు కావలయును. బోసు 5 మిల్లీమీటర్ల తరంగములను పుట్టించెను. మన రౌటరు తరంగములు సుమారు 12 సెంటీమీటర్లవి కొన్ని, 6 సెంటీమీటర్లవి కొన్ని. రైళ్ళ వేళల పుస్తకపు పుటల నడుమ తగరపు రేకు లుంచి, దానిని ఒక విధముగా పట్టిన తరంగము దాటుననియు, అడ్డముగా త్రిప్పిన ఆగుననియు ఆయన చూపెను. వేళల పుస్తకమునకు అంతటి గౌరవము మరెన్నడును దక్కియుండదు! 1895లో కలకత్తా టౌన్ హాలున ఆయన తరంగములు గోడలను దాటిపోయి దూరపు గదిలో గంట మ్రోగించినవి, తుపాకిమందు పేల్చినవి.

లోహమునకు తగిలి తరంగము మరలును; నీరు దానిని పీల్చుకొనును; ఇటుక గోడ కొంత బలహీనపరచును. కావున పెట్టెను ఇంటి నడుమ, ఎత్తుగా, బీరువాకును నీటితొట్టికిని దూరముగా నుంచవలయును. 6 సెంటీమీటర్ల తరంగము వేగముగా సమాచారము మోయును గాని, గోడలు దాటుటలో 12 సెంటీమీటర్లదే మేలు.

1901లో లండనునందు ఒక ధనికవ్యాపారి, పేటెంటు హక్కు తీసికొని లాభము పంచుకొందమని కోరగా బోసు అంగీకరింపలేదు. మిత్రుల బలవంతముపై 1904లో అమెరికాలో ఒక హక్కు లభించినను దానిని ధనార్జనకు వాడుకొనలేదు. ఇది ఉచితమా యని నేటికిని కొందరు వాదింతురు. ఆయనకు మాత్రము సందేహముండలేదు.

పిమ్మట ఆయన దృష్టి మొక్కల జీవనముపైకి మరలెను. 1917లో కలకత్తాలో పరిశోధనామందిరమును స్థాపించి, 1937వ సంవత్సరము నవంబరు 23వ తేదీన గిరిడీలో కన్నుమూసెను. రేకుపనివాడు చేసిన ఆ పరికరములు ఆ మందిరములోనే భద్రపరుపబడినవి. 5 మిల్లీమీటర్ల తరంగములతో ఒకే గదిలో అతివేగముగా సమాచారము పంపు సాధనములు మన కాలమున తయారగుచున్నవి.