మనిషిని కొలిచిన గుమాస్తా: అల్ఫోన్స్ బెర్టిలాన్

మనిషి తన పేరు మార్చుకొనవచ్చును, ఊరు మార్చుకొనవచ్చును, గడ్డము పెంచి, వేషము మార్చి, నిన్నటివరకు తన్నెరిగినవారి కన్నులనే కప్పవచ్చును. కాని చెవి ఆకారమును మార్చుకొనగలడా? మోచేతినుండి నడిమివ్రేలి కొసవరకు గల పొడవును తగ్గించుకొనగలడా? ఈ ప్రశ్న నేడు మనకు సామాన్యముగా తోచును. సుమారు నూట నలువది సంవత్సరములకు పూర్వము పారిస్ నగరమున ఒక చిన్న గుమాస్తాకు ఇది తోచినప్పుడు పై అధికారులు దానిని లెక్కచేయలేదు. ఆ గుమాస్తా పేరు అల్ఫోన్స్ బెర్టిలాన్. కొలబద్దను, ఛాయాచిత్రమును ఆధారము చేసికొని మనిషిని గుర్తించుట ఒక శాస్త్రముగా నిలువబెట్టినవాడతడు. ఆ శాస్త్రపు బలమునకే కాదు, దాని ప్రమాదమునకును అతని జీవితమే నిదర్శనము.

బెర్టిలాన్ 1853వ సంవత్సరము ఏప్రిల్ నెలలో పారిస్ నగరమున జన్మించెను. ఆ యింట అంకెలు కొలువుదీరియుండెను. తండ్రి లూయీ అడాల్ఫ్ బెర్టిలాన్ వైద్యుడు. జనన మరణముల లెక్కలను శాస్త్రదృష్టితో పరిశీలించిన పండితుడు. మాతామహుడు అషీల్ గియార్ జనసంఖ్యాశాస్త్రమునకు ఫ్రెంచి భాషలో నేటి పేరు పెట్టినవాడు. అన్న జాక్ బెర్టిలాన్ మరణకారణములను వర్గీకరించి ప్రసిద్ధి గాంచెను. నేడు ప్రపంచమంతట వాడుకలోనున్న వ్యాధుల వర్గీకరణకు మూలమదియే. ఇట్టి యింట పుట్టియు అల్ఫోన్స్ చదువులో రాణించలేదు. ఒకటికంటె నెక్కువ పాఠశాలలనుండి అతనిని వెళ్లగొట్టిరి. బ్రిటనుకు పోయి ఫ్రెంచి భాష నేర్పుచు కొంతకాలము పొట్ట పోసికొనెను. స్వదేశమునకు తిరిగివచ్చి సైన్యములో పనిచేసెను. 1879లో తండ్రి పలుకుబడివలన పారిస్ పోలీసు ప్రధాన కార్యాలయములో నకలు వ్రాయు గుమాస్తాగా ఉద్యోగము దొరకెను.

ఆ పని మిక్కిలి విసుగైనది. పట్టువడిన నేరస్థుల ఆనవాళ్లను పత్రములపై నకలు వ్రాయవలెను. ఎత్తు మధ్యరకము, ముఖము సామాన్యము, ముక్కు సామాన్యము. ఇట్టి మాటలే ప్రతి పత్రముననూ కానవచ్చుచుండెను. ఈ వర్ణన వందమందికి సరిపోవును, ఒక్కనినైనను పట్టియీయదు. ఛాయాచిత్రములు వేలకొలదిగా నుండెను. కాని పేరే మార్చుకొన్నవాని చిత్రమును పేరునుబట్టి వెదకుట యెట్లు? పైగా ఒక్కొక్క చిత్రమును ఒక్కొక్క దూరమునుండి, ఒక్కొక్క వెలుతురులో తీయుటవలన ఒకే మనిషి రెండు చిత్రములలో ఇద్దరుగా కనబడుచుండెను.

దీనివలన కలిగిన చిక్కు చిన్నది కాదు. ఫ్రాన్సు దేశమున పూర్వము నేరస్థుల శరీరముపై కాల్చిన యినుముతో వాతలు వేసెడివారు. ఆ క్రూరాచారమును 1832లో రద్దుచేసిరి. 1871లో పారిస్ నగరమున చెలరేగిన అంతర్యుద్ధమున నగర మందిరము దగ్ధమై, జనన వివాహ మరణముల పాత నమోదులు బూడిదయ్యెను. ఇక పాత నేరస్థుడు క్రొత్త పేరు చెప్పి, తొలిసారి తప్పుచేసినవానివలె న్యాయస్థానమున నిలువవచ్చును. మాటిమాటికి నేరము చేయువారిని సముద్రముల కావలి వలసరాజ్యములకు పంపు శాసనము 1885లో వచ్చినది. ఎవడు పాతవాడు, ఎవడు క్రొత్తవాడు అను ప్రశ్నపై మనిషి బ్రదుకే ఆధారపడెను. ఒకని నేరము మరియొకని తలపై పడినచో దిక్కెవ్వరు?

బాల్యమున ఇంట విన్న శాస్త్రచర్చలు బెర్టిలానునకు ఇప్పుడు పనికివచ్చెను. బెల్జియము దేశీయుడగు కెత్లే మానవ శరీర పరిమాణములను గణితదృష్టితో పరిశీలించియుండెను. ఆ మార్గముననే బెర్టిలాన్ ఆలోచించెను. ఇరువది యేండ్లు దాటిన పిమ్మట ఎముకల పొడవు దాదాపుగా మారదు. ఇద్దరు మనుష్యులకు ఒక కొలత సరిపోవు అవకాశము నాలుగింట ఒకటి యనుకొందము. రెండు కొలతలును సరిపోవుట పదునారింట ఒకటి యగును. ఇట్లు లెక్కించుచు పోయినచో పదునొకండు కొలతలును సరిపోవు అవకాశము 41,94,304లో ఒకటి మాత్రమే. ఎత్తు, చాచిన చేతుల విస్తారము, కూర్చున్నప్పటి యెత్తు, తల పొడవు, తల వెడల్పు, కుడి చెవి పొడవు, ఎడమ పాదము, ఎడమచేతి నడిమివ్రేలు, మోచేయి మొదలగునవి అతడు ఎన్నుకొన్న కొలతలు.

అతడీ యూహను నివేదికగా వ్రాసి సమర్పించెను. నాటి పోలీసు ప్రీఫెక్టు లూయీ ఆంద్రియూ దానిని తిరస్కరించెను. బెర్టిలానునకు మాటనేర్పు తక్కువ. నివేదికయు గజిబిజిగా నుండెను. తరువాత వచ్చిన ప్రీఫెక్టు కామెకాస్ 1882 చివర అతనికి మూడు నెలల గడువిచ్చెను. ఆ గడువులో ఒక్క పాత నేరస్థునినైనను కొలతలచే గుర్తించి చూపవలెను. అనగా ఒకడు పట్టువడి, కొలతలిచ్చి, విడుదలయై, మరల నేరముచేసి, వేరు పేరుతో పట్టువడుట యంతయు మూడు నెలలలో జరుగవలెను! 1883 ఫిబ్రవరి మాసమున ఆ యదృష్టము పట్టెను. ద్యూపాన్ అని పేరు చెప్పుకొన్న ఒకని కొలతలు మరియొక పేరుతోనున్న పాత పత్రముతో సరిపోయెను. వాడు తుదకు నిజమొప్పుకొనెను. ఆ సంవత్సరమున 49 మందిని, 1884లో 241 మందిని బెర్టిలాన్ ఇట్లు గుర్తించెను.

కొలుచుటకంటె పత్రములను అమర్చుటలో అతని ప్రతిభ యెక్కువగా కానవచ్చును. తల పొడవును బట్టి పత్రములను చిన్నవి, మధ్యమములు, పెద్దవి అని మూడు భాగములు చేసెను. ప్రతి భాగమును తల వెడల్పును బట్టి మరల మూడుగా విభజించెను. ఆపైన నడిమివ్రేలు, ఆపైన మరియొక కొలత. నిఘంటువులో మొదటి యక్షరమును, రెండవ యక్షరమును చూచుచు పదమును పట్టుకొన్నట్లే, వేలకొలది పత్రములలో కావలసిన చిన్న కట్టను నిమిషములలో చేరవచ్చును. పేరు తెలియనక్కరలేదు; శరీరమే పేరు.

పిమ్మట అతడు ఛాయాచిత్రమునకు క్రమశిక్షణ నేర్పెను. 1888లో పోలీసు శాఖయందు ఛాయాచిత్ర విభాగము నెలకొనెను. కూర్చుండు కుర్చీ, కెమెరా దూరము, వెలుతురు, చిత్రపు పరిమాణము అన్నియు నియతములు. ప్రతివానికిని ఎదురుగా నొకటి, ప్రక్కనుండి నొకటి రెండు చిత్రములు తీయించెను. ప్రక్కచిత్రమున నుదురు, ముక్కు, చెవి స్పష్టముగా కనబడును. చెవి మడతలు మనిషి మనిషికి వేరుగా నుండునని గ్రహించి, దానికి మిక్కిలి ప్రాధాన్యమిచ్చెను. కనుపాప రంగును ఏడు తరగతులుగా విభజించెను. ముఖమును మాటలలో వర్ణించుటకు ఒక పరిభాషనే సృష్టించి, దానికి మాటలాడు చిత్రము అను అర్థమిచ్చు పేరు పెట్టెను. చిత్రము చేతలేకున్నను, ఆ పరిభాష నేర్చిన పోలీసువాడు వీథిలో మనిషిని పోల్చుకొనవచ్చును. నేటికిని ప్రపంచమంతట ఠాణాలలో తీయు జంట చిత్రములకు మూలమతడే.

1892లో న్యాయాధికారుల యిండ్లవద్ద బాంబులు ప్రేల్చిన రావషోల్ అనువాడు పట్టువడెను. అంతకుముందు సాంతెత్యెన్ నగరమున తీసిన కొలతలతో పోల్చి, వాని యసలు పేరు కోనిగ్‌స్టైన్ అని బెర్టిలాన్ నిరూపించెను. దానితో అతని కీర్తి ఫ్రాన్సు ఎల్లలు దాటెను. 1893లో ప్రత్యేకముగా ఏర్పడిన గుర్తింపు శాఖకు అతడు అధ్యక్షుడయ్యెను. పాఠశాలలు వెళ్లగొట్టిన బాలుడు దేశదేశముల పోలీసులకు ఉపాధ్యాయుడయ్యెను.

అయినను ఈ పద్ధతిలో ఒక లోపము దాగియుండెను. కొలుచువాడు మనిషి. ఒకడు పరికరమును గట్టిగా నొక్కును, ఒకడు వదులుగా పట్టును, కొలతలు మారును. ఎదుగుచున్న పిల్లలకీ పద్ధతి పనికిరాదు. ఈ లోపమును తీర్చు మార్గము భారతదేశమున రూపొందినది. 1858లో విలియం హెర్షెల్ బెంగాలులో ఒక ఒప్పందపత్రముపై చేతిముద్ర వేయించెను. బెంగాలు పోలీసు శాఖ మొదట బెర్టిలాన్ కొలతలనే స్వీకరించెను. కాని ఎడ్వర్డ్ హెన్రీ, అతనివద్ద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసులు వ్రేలిముద్రలను అంకెలచే వర్గీకరించు విధానమును కనుగొనిరి. 1897లో భారతప్రభుత్వము కొలతలను వదలి వ్రేలిముద్రలను స్వీకరించెను. ఆ యేడే కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. హెన్రీ పేరు లోకమంతట మారుమ్రోగెను. గణితపు బరువు మోసిన ఆ యిద్దరు భారతీయుల పేర్లు చాలకాలము మరుగుననుండెను.

బెర్టిలాన్ వ్రేలిముద్రలను పూర్తిగా త్రోసివేయలేదు. కొలతల పత్రములపై వానినిగూడ చేర్చెను. 1902లో పారిస్‌లో జరిగిన ఒక హత్య విషయమున, పగిలిన గాజుపలకపై దొరకిన ముద్రలను పాత పత్రముతో పోల్చి, షెఫేర్ అను హంతకుని గుర్తించెను. ఐరోపాలో ఇట్టి తొలి విజయములలో ఇదియొకటి. కాని అమరికకు మాత్రము శరీరపు కొలతలే ఆధారముగా నుంచెను. దాని ఫలము 1911 ఆగష్టులో కానవచ్చెను. లూవ్ర్ ప్రదర్శనశాలనుండి మోనాలీసా చిత్రము దొంగిలింపబడెను. దొంగ బొటనవ్రేలి ముద్ర చిత్రపు గాజుపై నిలిచియుండెను. పెరూజియా యను ఆ దొంగ పత్రము పోలీసులయొద్దనే యుండెను. అయినను ముద్రను బట్టి పత్రమును వెదకు మార్గము లేదు. 1913 డిసెంబరులో ఫ్లారెన్సు నగరమున దొంగ తనంతట తానే చిత్రమును అమ్మజూపినప్పుడు గాని గుట్టు బయటపడలేదు.

ఇంతకంటె గొప్ప పతనము అంతకు పూర్వమే జరిగినది. 1894లో ఫ్రెంచి సైనిక రహస్యములను జర్మనులకు తెలుపు చీటి యొకటి దొరకెను. అనుమానము యూదుడైన ద్రేఫూస్ అను సేనానిపై పడెను. చేవ్రాలు పరీక్షింపుమని బెర్టిలానును కోరిరి. అది అతని శాస్త్రము కాదు. కొలతలలో తొందరపడని యా మనిషి ఇక్కడ తొందరపడెను. అక్షరములు పోలినచోట ద్రేఫూస్ వ్రాతయే కావున పోలెననెను. పోలనిచోట ద్రేఫూస్ బుద్ధిపూర్వకముగా మార్చి వ్రాసెననెను. పోలినను దోషియే, పోలకున్నను దోషియే! ఇట్టి తర్కమునుండి ఏ నిరపరాధి తప్పించుకొనగలడు? ద్రేఫూస్ దూరద్వీపమున సంవత్సరముల తరబడి చెరయనుభవించెను. చీటి వ్రాసినవాడు ఎస్టర్‌హాజీ అను మరియొక సేనాని. 1904లో గణితవేత్తలగు పాయింకరే, దార్బూ, ఆపెల్ బెర్టిలాన్ లెక్కలను పరిశీలించి, అవి నిరాధారములని తేల్చిరి. 1906లో ద్రేఫూస్ నిర్దోషియని ఉన్నత న్యాయస్థానము ప్రకటించెను. బెర్టిలాన్ మాత్రము తన తప్పు నొప్పుకొనలేదు. సంభావ్యతను సాధనముగా చేసికొని కీర్తి పొందినవాడు ఆ సంభావ్యతను దుర్వినియోగము చేసియే అపకీర్తి పాలయ్యెను.

1914 ఫిబ్రవరి 13న బెర్టిలాన్ పారిస్‌లో మరణించెను. అతని పిమ్మట ఫ్రాన్సులోను వ్రేలిముద్రలే ప్రధానమయ్యెను. కొలతల పెట్టెలు మూలబడెను. కాని అతని యూహ చావలేదు. 1960 ప్రాంతముల అమెరికాలో వుడ్రో బ్లెడ్సో అను గణితవేత్త ఛాయాచిత్రములలో కన్నులు, ముక్కు, నోరు ఉన్న స్థానములను గుర్తించి, వాని నడిమి దూరములను యంత్రముచే పోల్పించెను. అది బెర్టిలాన్ కొలబద్దయే. పట్టిన చేయి మాత్రము యంత్రముది. మన దేశమున 2010నుండి ఇచ్చుచున్న ఆధార్ సంఖ్యకు పది వ్రేళ్ల ముద్రలు, రెండు కనుపాపలు, ముఖచిత్రము తీసికొనుచున్నారు. పిల్లలు ఎదిగినకొలది ఆ గుర్తులను మరల ఈయవలసియుండుట బెర్టిలాన్ ఎదుర్కొన్న పాత చిక్కునే తలపించును.

పాత ప్రమాదమును పోలేదు. 2020లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ముఖములను పోల్చు యంత్రము పొరబడగా, పోలీసులు ఆ మాట నమ్మి ఒక నిరపరాధిని భార్యాబిడ్డల యెదుట నిర్బంధించిరి. యంత్రము చెప్పినది పోలిక మాత్రమే. దానిని నిజమని తీసికొన్నవారు మనుష్యులు.

బెర్టిలాన్ జీవితమును చదువు విద్యార్థికి రెండు పాఠములు దొరకును. తరగతిలో వెనుకబడినవాడు లోకమునకు వెనుకబడినవాడు కానక్కరలేదు, ఇది మొదటిది. తాను నమ్మినదానిని కొలిచి చూచుకొనువాడే శాస్త్రజ్ఞుడు, కొలువక ముందే నిర్ణయించుకొన్ననాడు ఎంతటి కొలబద్దయైనను వంకరపోవును, ఇది రెండవది. మనుష్యుల తలలు, చెవులు, వ్రేళ్లు మిల్లీమీటరు తప్పకుండ కొలిచిన యా మహానుభావుడు తన పక్షపాతమును మాత్రము కొలుచుకొనలేకపోయెను.